గుజ్జు అరిగిందట!

పోయిన ఏడాదంతా మా ఇల్లు ఒక మోకాలి చుట్టూ తిరిగింది. మిగతా ఇళ్లల్లో పిల్లల ఫీజులు, కరెంటు బిల్లు, పెళ్లి సంబంధాల మాటలు నడుస్తుంటే మా ఇంట్లో పొద్దున లేవగానే మొదటి మాట "ఇయ్యాల ఎట్లుంది?" అనే. ఏది ఎట్లుందని ఎవరూ అడగరు. మా ఆయన కుడి మోకాలే.

దెబ్బ తగల్లేదు. కింద పడలేదు. వాపు లేదు, ఎరుపు లేదు, జ్వరం లేదు. అయినా నొప్పి. కుర్చీలోంచి లేస్తే మొదటి నాలుగు అడుగులు చెక్క కాలు వేసినట్టు వేస్తారు. తర్వాత సాఫీగా నడుస్తారు. మెట్లెక్కితే కొంచెం, దిగితే ఎక్కువ. చిత్రం ఏమిటంటే ఉరికేటప్పుడు అంత నొప్పి ఉండదు, ఉరికొచ్చి స్నానం చేసి కూర్చున్నాక మొదలవుతుంది. "ఇదేం నొప్పో, దీనికి తలా లేదు తోకా లేదు" అనేవారు ఆయనే.

మా ఆయన గురించి కొంచెం చెప్పాలి. వయసు 48. ఇక్కడే ఒక రైస్ మిల్లులో లెక్కలు చూస్తారు. సుల్తానాబాద్ అంటేనే మిల్లులు. రాజీవ్ రహదారి మీద పెద్దపల్లి వైపు పోయినా, కరీంనగర్ వైపు పోయినా మీకు కనబడేవి అవే. 2018లో ఒకసారి రక్త పరీక్ష చేయిస్తే మూడు నెలల షుగర్ 6.2 వచ్చింది. 5.7 దాటితే షుగర్ వాకిట్లోకి వచ్చినట్టు, 6.5 వస్తే ఇంట్లోకి వచ్చినట్టు అని డాక్టరు చెప్పాడు. మా మామయ్యకు అదే షుగర్‌తో ముందు కాలి వేలు తీశారు, తర్వాత పాదం తీశారు. ఆ కట్లు మార్చింది నేనూ, ఈయనా. అందుకే 6.2 అనే అంకె చూసిన మర్నాడే మా ఆయన పాత క్యాన్వాస్ బూట్లు తొడుక్కుని స్కూలు గ్రౌండుకు పోయారు.

మొదట ఒక రౌండుకే ఆయాసపడి వచ్చారు. ఆరు నెలలకు పదిహేను రౌండ్లు, అంటే 6 కిలోమీటర్లు. 81 కిలోల మనిషి 72కు వచ్చారు. షుగర్ 5.6కు దిగింది. 2024 ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌లో సగం దూరం, 21.1 కిలోమీటర్లు ఉరికి, మెడల్ తెచ్చి దేవుడి గదిలో మామయ్య ఫొటోకు తగిలించారు. నేనేమీ అనలేదు. ఆ మెడల్ ఎవరి కోసమో నాకు తెలుసు.

ఆ నవంబరులోనే మోకాలు మొదలైంది.

ఊరంతా డాక్టర్లే

మోకాలు నొప్పి అని ఒక్కసారి వాకిట్లో అనండి చాలు. అడిగినవాళ్లు, అడగనివాళ్లు, పాలు పోసే అతను, కూరగాయల బండి ఆమె, అందరూ ఒక్కటే మాట. "గుజ్జు అరిగింది."

మా అత్తమ్మ అయితే తీర్పే ఇచ్చేసింది. "ఉరికి ఉరికి గుజ్జు కరగవెట్టుకున్నడు. పుట్టినప్పుడు దేవుడిచ్చిన గుజ్జు అంతే ఉంటది బిడ్డా. బండి టైరు తీరు. ఎంత తిప్పితే అంత అరుగుతది."

మాట వినడానికి ఎంత సరిగ్గా ఉంటుందో చూడండి. టైరు అరుగుతుంది, చెప్పు అరుగుతుంది, రోలు అరుగుతుంది, మోకాలు కూడా అరుగుతుంది. ఇక ఎదురు చెప్పేదేముంది?

వైద్యాలు కూడా వరుసగా వచ్చాయి. మా వదిన వావిలాకు తెచ్చి వేడినీళ్లలో మరగబెట్టి కాపడం పెట్టమంది. పక్కింటామె జిల్లేడాకుకు ఆముదం రాసి వెచ్చచేసి కట్టమంది. అత్తమ్మ నువ్వుల నూనె మర్దన. ఆదివారం ఆదివారం మేక కాళ్ల పాయ, అందులో గుజ్జు ఉంటుంది కాబట్టి అది తాగితే ఇక్కడ గుజ్జు పెరుగుతుందని. ఇంకొకరు నల్లేరు పచ్చడి. నేను అన్నీ చేశాను. వేడి కాపడానికి హాయిగా ఉండేది, అది నిజం. నల్లేరు పచ్చడి రుచిగా ఉంది, అదీ నిజమే. పాయ సంగతి తర్వాత తెలిసింది. మనం ఏ గుజ్జు తాగినా కడుపులో పప్పు, గుడ్డు అరిగినట్టే అరిగి మాంసకృత్తుల ముక్కలవుతుంది, అది నేరుగా మోకాలికి పోయి కూర్చోదు. బలానికి మంచిదే. మా ఆయన మాత్రం ఆ ఒక్క వైద్యం ఆపొద్దన్నారు!

తర్వాత ఆర్‌ఎంపీ వంతు. "ఒక్క సూదితోటి గుర్రంలెక్క ఉరుకుతవు" అన్నాడట. సూది వేసిన మర్నాడు నిజంగానే గుర్రంలాగే ఉరికారు. తొమ్మిది రోజులు. పదో రోజు నొప్పి వడ్డీతో సహా తిరిగొచ్చింది. ఈ మధ్యలో ఇంట్లో మిషన్‌తో షుగర్ చూస్తే పరగడుపున 138. ఆ సూదిలో స్టెరాయిడ్ ఉంటే షుగర్ పెరుగుతుందని తర్వాత కరీంనగర్‌లో చెప్పారు. ఏ మనిషైతే షుగర్‌కు భయపడి పరుగు మొదలుపెట్టాడో, ఆ పరుగు కోసం వేయించుకున్న సూదే షుగర్ పెంచింది.

నొప్పి మాత్రల పట్టీ జేబులో పెట్టుకు తిరగడం కూడా అప్పుడే మొదలైంది. డైక్లోఫెనాక్ అనే మాత్ర. మా పెద్దమ్మాయి హైదరాబాద్‌లో చదువుతోంది. ఫోన్లో ఈ పేరు విని, "అమ్మా, రాబందులు చచ్చిపోయింది దీంతోనే" అంది. పశువులకు ఆ మందు వేస్తే, ఆ పశువులు చచ్చాక తిన్న రాబందుల కిడ్నీలు పాడైపోయి, దేశం మొత్తంలో రాబందులు దాదాపు కనబడకుండా పోయాయి. 2006లో పశువులకు ఆ మందు వాడొద్దని ప్రభుత్వం నిషేధించింది. మన ఆదిలాబాద్ వైపు బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట మీద కొన్ని రాబందులు మిగిలుంటే వాటిని కాపాడుకోవడానికి అటవీ శాఖ నానా తంటాలు పడింది. మనిషి రాబందు కాదు, డాక్టరు చెప్పినన్ని రోజులు వాడితే ఇబ్బంది లేకపోవచ్చు. కానీ షుగర్ వాకిట్లో ఉన్న మనిషి నెలల తరబడి చాక్లెట్లలాగా మింగితే కిడ్నీలు ఊరుకుంటాయా? ఆ రాత్రి ఆ పట్టీ ఆయన జేబులోంచి తీసి నా పోపుల డబ్బా వెనక దాచాను.

పరుగు లేని ఇల్లు

జనవరిలో పరుగు పూర్తిగా మానేశారు. నొప్పి తగ్గిందా? కొంచెం. కానీ మనిషి తగ్గిపోయాడు.

పొద్దున నాలుగున్నరకు మెలకువ వస్తుంది, చేయడానికి పని లేదు. మంచం మీద కూర్చుని ఫోను చూస్తారు. మిల్లు నుంచి వచ్చి అన్నం తిని టీవీ ముందు కూలబడతారు. చిన్నోడు చిన్న మాట అంటే అరుస్తారు. రెండు నెలల్లో 4 కిలోలు పెరిగారు. ఒక రాత్రి మామయ్య ఫొటో ముందు నిలబడి ఉండగా చూశాను. ఆయన చూస్తున్నది మెడల్‌ని కాదు, ఫొటోలో నాన్న కాళ్లని. అది కాళ్లు రెండూ బాగున్నప్పుడు తీసిన ఫొటో.

మోకాలు నొప్పితో ఎవరూ చావరు. అందరూ అదే అంటారు. కానీ ఉరకడం ఆగిపోతే ఈయనకు వచ్చేది ఏమిటో మేమిద్దరం కళ్లారా చూసినవాళ్లం. అందుకే "ఈ వయసులో ఉరుకుడెందుకు, మానేయరాదు" అనే మాట మాకు అంత తేలికగా మింగుడు పడలేదు.

పాల క్యాలెండరు

నాకొక అలవాటు ఉంది. వంటింట్లో గోడ క్యాలెండరు మీద పాల లెక్క రాస్తాను. అర లీటరు తక్కువ పోస్తే ఒక గీత, రాకపోతే సున్నా. గ్యాస్ బండ మార్చిన తారీఖు, పనమ్మాయి నాగా, అన్నీ అక్కడే. నవంబరు నుంచి ఆ గడుల్లోనే ఒక మూల ఈయన నొప్పి కూడా రాయడం మొదలుపెట్టాను. పదికి ఎంత అని అడగడం, అంకె వేయడం. పక్కన ఆ రోజు ఏం చేశారో ఒక ముక్క. "రోడ్డు", "మిల్లు రాత్రి 9", "మెట్లు", "సెలవు".

కరీంనగర్‌లో మొదట చూపించిన చోట ఎక్స్‌రే తీసి, ఎంఆర్‌ఐ తీయించి, మోకాలి లోపల మెత్త ఒకటి చిరిగింది, చిన్న రంధ్రం పెట్టి కత్తిరించేద్దాం అన్నారు. ఆ మెత్త పేరు మెనిస్కస్. తొడ ఎముకకూ కాలి ఎముకకూ మధ్య దిండులా ఉంటుంది. "చిరిగింది" అనే మాట విన్నాక ఇంకేం వినబడుతుంది? మా ఆయన అక్కడే డబ్బులు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. నేను, "ఇంకొకరికి చూపించి వస్తాం సార్" అని ఫైలు చంకలో పెట్టుకుని లేచాను.

రెండో డాక్టరు పెద్దాయన. ఫిల్ము చూడకముందే ఈయనను బల్ల మీద పడుకోబెట్టి మోకాలు వంచి, తిప్పి, నొక్కి చూశాడు. తర్వాత ఒక చిన్న చెక్క మెట్టు మీద కుడికాలిపై నిలబెట్టి, ఎడమ మడమ మెల్లగా కింద తాకించమన్నాడు. ఈయన వంగుతుంటే కుడి మోకాలు లోపలికి, బొటనవేలి వైపు ఒరిగిపోయింది. ఎడమకాలిపై చేస్తే అంత ఒరగలేదు. డాక్టరు నవ్వి, "ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఎక్కువైతది?" అని అడిగాడు. ఈయన "అప్పుడప్పుడు సార్, ఎప్పుడంటే అప్పుడు" అన్నారు. నేను సంచిలోంచి క్యాలెండరు కాగితాలు తీసి బల్ల మీద పరిచాను.

ఆయన అయిదు నిమిషాలు మాట్లాడకుండా చూశాడు. తర్వాత, "అమ్మా, అక్టోబరు ఆఖర్లో ఏమైంది?" అన్నాడు.

ఏమైందంటే, వడ్లు వచ్చాయి.

మా వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. వానాకాలం పంట కోతలు మొదలైతే రోడ్డు పక్కన, బడి గ్రౌండులో, గుడి ముందర, ఖాళీ కనబడ్డ ప్రతిచోటా వడ్లు ఆరబోస్తారు. తేమ 17 శాతానికి దిగితే గానీ కొనుగోలు సెంటర్లో తీసుకోరు, రైతు మాత్రం ఏం చేస్తాడు? అట్లా ఈయన ఉరికే మట్టి గ్రౌండు వడ్ల కుప్పలతో నిండిపోయింది. ఈయన రోడ్డెక్కారు. రోడ్డు మధ్యలో ఎత్తుగా, వాన నీళ్లు జారిపోవడానికి అంచుల వైపు వాలుగా ఉంటుంది. ఎదురొచ్చే బండ్లు కనబడాలని రోజూ కుడి అంచునే పోయి, మలుపు దగ్గర రోడ్డు దాటి మళ్లీ తన కుడి అంచునే రావడం. అంటే రెండు నెలలు కుడి కాలు పల్లంలో, ఎడమ కాలు ఎత్తులో.

అదే సీజన్లో మిల్లులో పని పెరుగుతుంది. పొద్దున ఎనిమిదికి పోయి రాత్రి తొమ్మిదికి రావడం, అంతసేపూ మోకాళ్లు మడిచి కుర్చీలో కూర్చోవడం. వారంలో మూడు నాలుగు రోజులు ఉరకడానికి తీరదు. ఆ బాకీ అంతా ఆదివారం తీర్చేస్తారు, ఒకేసారి 15, 16 కిలోమీటర్లు. క్యాలెండరులో సోమవారాలన్నీ 6, 7 అంకెలు. అంతుపట్టని నొప్పి అనుకున్నది కాస్తా గడుల్లో వరుసగా కూర్చుని ఉంది.

డాక్టరు విప్పి చెప్పింది

నాకు అర్థమైనంత రాస్తాను.

మోకాలి చిప్ప తొడ ఎముక మీద ఉన్న ఒక గాడిలో పైకీ కిందికీ జారుతుంది. దాన్ని నడిపించేది తొడ ముందు కండరం. కాలు లోపలికి ఒరగకుండా పట్టి ఉంచేది తుంటి పక్క కండరం. గంటల తరబడి కూర్చునేవాళ్లకు ఈ తుంటి కండరం బద్ధకిస్తుంది. అప్పుడు చిప్ప గాడిలో సరిగ్గా కూర్చోక ఒకవైపు ఎక్కువ నొక్కుకుంటుంది. సమతలంగా నడిచేటప్పుడు చిప్ప మీద పడే భారం తక్కువే. మెట్లెక్కి దిగేటప్పుడు ఒంటి బరువుకు మూడింతలు పైగా, గొంతుక్కూర్చుంటే ఏడింతల దాకా పోతుంది. అందుకే నేల మీద బాగుండి మెట్ల మీద నొప్పి. ఎక్కువసేపు మోకాలు మడిచి కూర్చుంటే నొప్పి రావడం కూడా ఈ జబ్బు గుర్తేనట. సినిమా హాల్లో కూర్చుని లేచినవాళ్లకు వచ్చే నొప్పి అని డాక్టర్లు దానికి పేరే పెట్టుకున్నారట.

ఇక పొద్దుటి బిగుతు. అది ఎంతసేపు ఉంటుందన్నది ముఖ్యం. ఈయనకు పది నిమిషాలు. అరగంట లోపు సడలిపోతే మామూలు అరుగుదలో, వాడకం లెక్కో. అరగంట, గంట దాటి ఉంటే, రెండు వైపులా ఉంటే, చేతివేళ్లు కూడా పట్టేస్తుంటే అది కీళ్లవాతం వైపు చూపిస్తుంది, రక్త పరీక్షలు చేయించాలి. ఈయనకు అవీ చేయించారు. యూరిక్ యాసిడ్, సీఆర్‌పీ, ఆర్‌ఏ ఫ్యాక్టర్, థైరాయిడ్, అన్నీ బాగున్నాయి. వానాకాలంలో జ్వరం వచ్చిందా అని కూడా గుచ్చి గుచ్చి అడిగాడు. చికున్‌గున్యా వచ్చి పోయాక నెలల తరబడి కీళ్లు పట్టేస్తాయి కదా. 2006లో ఆ జ్వరాలు వచ్చినప్పుడు జనం వంగి నడవడం మనం చూసిందే. ఈయనకు జ్వరం రాలేదు.

మరి చిరిగిన మెత్త? "నలభై దాటినవాళ్లను వందమందిని రోడ్డు మీద ఆపి స్కాన్ తీస్తే చాలామందిలో ఏదో ఒకటి కనబడుతుంది" అన్నాడు. ఇంటికొచ్చాక మా అమ్మాయి వెతికి చదివి వినిపించింది. 2008లో అమెరికాలో యాభై దాటిన 991 మందికి స్కాన్ తీస్తే 35 శాతం మందిలో ఆ మెత్త చిరిగి ఉంది. చిరిగినవాళ్లలో 61 శాతం మందికి అంతకుముందు నెలలో నొప్పే లేదు. 2013లో ఫిన్లాండ్‌లో ఇంకా విచిత్రమైన పని చేశారు. వయసుతో మెత్త చిరిగిన 146 మందిలో సగం మందికి నిజంగా కత్తిరించారు, సగం మందికి పైన కోత పెట్టి చేసినట్టు నటించి కుట్టేశారు. ఏడాదికి చూస్తే ఇద్దరికీ నొప్పి ఒకేలా తగ్గింది. మోకాలు మధ్యలో తాళం వేసినట్టు ఇరుక్కుపోతే, ఆటలో దెబ్బ తగిలి చిరిగితే సంగతి వేరు, ఆపరేషన్ అవసరం పడొచ్చు. ఈయనకు అలాంటిదేమీ లేదు.

అత్తమ్మ గుజ్జు సంగతి కూడా అడిగేశాను. ఆయన చెప్పిన జవాబు నాకు చాలా నచ్చింది. టైరుకు ప్రాణం లేదు, గుజ్జుకు ఉంది. దానికి రక్తనాళాలు ఉండవు. కాలు మోపినప్పుడు స్పాంజిలా నొక్కుకుని, ఎత్తినప్పుడు మళ్లీ చుట్టూ ఉన్న జిగురు నీళ్లు పీల్చుకుంటుంది. అదే దానికి అన్నం. కదలకుండా కూర్చోబెడితే ఆకలితో మాడుతుంది, మితిమీరి కొడితే దెబ్బతింటుంది. 2017లో చాలా పరిశోధనలు కలిపి లెక్క వేస్తే, సరదాకు, ఆరోగ్యానికి ఉరికేవాళ్లలో మోకాలు, తుంటి అరుగుదల నూటికి ముగ్గురు నలుగురిలో ఉంది. ఉరకని వాళ్లలో పది మందిలో ఉంది. పోటీల కోసం విపరీతంగా ఉరికేవాళ్లలో పదమూడు మందిలో. ఉరికేవాళ్లు బరువు తక్కువ ఉండడం కూడా ఒక కారణం కావచ్చు. ఏమైనా, మామూలు పరుగు మోకాలిని తినేస్తుందన్న మాట మాత్రం నిలబడలేదు.

ఈ మాట చెప్తే మా అత్తమ్మ, "ఏమో బిడ్డా, నేనెన్నడు ఉరకలే. మరి నా మోకాళ్లెందుకు వంకర పోయినయ్?" అంది. అంతకు మించిన రుజువు నాకు అక్కర్లేకపోయింది.

గోడకుర్చీ

మందు ఏమిటంటే, చిన్నప్పుడు బడిలో సార్లు వేయించిన శిక్షే. గోడకుర్చీ! వీపు గోడకు ఆనించి, సగం కుర్చీ మీద కూర్చున్నట్టు 30 సెకన్లు, అయిదు సార్లు. పక్కకు పడుకుని పై కాలు ఎత్తడం. ఒంటికాలి మీద మెట్టు మెల్లగా దిగడం. వారానికి మూడు రోజులు, పన్నెండు వారాలు తక్కువ కాకుండా. మొదటి నెల ఏమీ తేడా తెలియదని ముందే చెప్పారు.

పరుగు మానొద్దన్నారు, సగం చేయమన్నారు. రెండు నిమిషాలు ఉరకడం, రెండు నిమిషాలు నడవడం. నొప్పి పదికి మూడు లోపు ఉండి, మర్నాటి పొద్దున్నకు తగ్గిపోతే పర్వాలేదు, దాటితే ఒక మెట్టు వెనక్కి. అంగలు చిన్నవి చేసి అడుగులు కొంచెం త్వరగా వేయమన్నారు. అడుగుల సంఖ్య నూటికి అయిదో పదో పెంచితే మోకాలి మీద భారం తగ్గుతుందట. రోడ్డు మీద తప్పనిసరైతే ఎక్కువ బండ్లు లేని దారిలో సమంగా ఉన్నచోటే ఉరకాలి. మిల్లులో గంటకోసారి లేచి నడవాలి.

ఫిబ్రవరిలో మొదలుపెట్టారు. మార్చి క్యాలెండరులో 5లు, ఏప్రిల్‌లో 4లు. యాసంగి వడ్లు వచ్చి మళ్లీ గ్రౌండు నిండింది. ఈసారి రోడ్డుకు పోలేదు, కాలువ గట్టు మట్టి బాట పట్టారు. జూన్‌లో మొదటిసారి ఒక గడిలో సున్నా వేశాను. పాలు రాలేదనుకున్నారు మా అత్తమ్మ.

ఇంకో మోకాలు

ఇక్కడితో అయిపోతే ఇది మా ఆయన కథ. కానీ వ్యాయామాలు నేర్పించే అమ్మాయి దగ్గరికి పోయినప్పుడు ఒకటి జరిగింది. ఈయన చెక్క మెట్టు దిగుతుంటే నేను ఫోన్లో వీడియో తీస్తున్నా. ఆ అమ్మాయి నా వైపు తిరిగి, "ఆంటీ, మీరు మెట్లెక్కి వచ్చేటప్పుడు చూసిన. పక్కకు తిరిగి ఎందుకెక్కుతుండ్రు?" అంది.

ఈయన ఆగిపోయి నన్ను చూశారు.

మూడేళ్ల నుంచి నేను డాబా మెట్లు అలాగే ఎక్కుతున్నాను. తడి బట్టల బకెట్ ఒక చేత్తో, రెయిలింగ్ ఒక చేత్తో, ఎడమ కాలు ముందు పెట్టకుండా పక్కకు తిరిగి. పొద్దున కల్లాపి చల్లి ముగ్గు వేసి లేచేటప్పుడు గేటు పట్టుకుంటాను. కత్తిపీట ముందు కూర్చుంటే లేవడానికి నేల మీద చెయ్యి ఆనించాలి. నా వయసు 44. ఈయన ఉరికేది రోజుకు ముప్పావు గంట. నేను రోజుకు ఎన్నిసార్లు గొంతుక్కూర్చుని లేస్తానో, ఎన్ని మెట్లు ఎక్కి దిగుతానో ఏ వాచీ లెక్కపెట్టలేదు. ఆ లెక్క అడిగినవాళ్లు కూడా లేరు. ఆడవాళ్ల మోకాలు నొప్పి ఇంట్లో అందరికీ తెలిసిన నొప్పి. కారణం తెలియని నొప్పి అని దాన్ని ఎవరూ అనరు, ఎందుకంటే కారణం వెతకాలని ఎవరికీ తోచదు. "వయసైతాంది కదా" అంటే సరిపోతుంది. మోకాళ్ల అరుగుదల మగవాళ్ల కంటే ఆడవాళ్లలోనే ఎక్కువ. యాభై దాటాక ఇంకా ఎక్కువ. కానీ ఎక్స్‌రే గది ముందు కుర్చీల్లో చూడండి, మగవాళ్ల ఫైళ్లు పట్టుకుని కూర్చున్న ఆడవాళ్లే కనబడతారు.

ఆ రోజు ఆ అమ్మాయి నన్నూ మెట్టు ఎక్కించింది. నా ఎడమ మోకాలు ఈయన కుడి మోకాలి కంటే ఎక్కువ ఒరిగింది. బరువు చూస్తే 71. ఒంటి బరువు ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులో మోకాలి మీద దాదాపు 4 కిలోల భారం తగ్గుతుందని చెప్పింది. నేను మనసులో అయిదు నాలుగులు ఇరవై అని లెక్క వేసుకున్నాను. ప్రతి అడుగుకు ఇరవై కిలోలు అంటే దాదాపు ఒక బియ్యం బస్తా దించినట్టే కదా.

దారిలో ఈయన ఏమీ మాట్లాడలేదు. బస్సు ఊళ్లోకి వస్తుండగా, "మూడేండ్ల నుంచి నొస్తాందా?" అన్నారు. "ఊఁ" అన్నాను. "చెప్పలేదేం?" అని అడగలేదు. మర్నాడు పొద్దున బట్టల బకెట్ కోసం చూస్తే లేదు. డాబా మీద ఈయన బట్టలు ఆరేస్తున్నారు. చీరలు అడ్డదిడ్డంగా వేశారు. నేను పైకి పోయి సర్దలేదు.

తర్వాత ఇల్లు కొంచెం మారింది. కత్తిపీట అటక ఎక్కింది, ఎత్తు స్టూలు, చాకు, చెక్క వచ్చాయి. నేల తుడవడానికి పొడుగు కర్ర మాప్. ముగ్గు మాత్రం వదల్లేదు, చిన్నది చేశాను. రాత్రి ఎనిమిదిన్నరకు హాల్లో ఒక గోడకు ఈయన, ఒక గోడకు నేను గోడకుర్చీ వేస్తాం. చిన్నోడు సెకన్లు లెక్కపెడతాడు. వాడు కావాలనే మెల్లగా లెక్కపెడతాడని మా ఇద్దరికీ అనుమానం.

ఒక మాట. ఇది మా ఇద్దరి మోకాళ్ల కథ, మీ మోకాలికి మందుచీటీ కాదు. మోకాలు ఉబ్బి ఎర్రగా వేడిగా ఉండి జ్వరం వస్తే, ఇరుక్కుపోయి చాపలేకపోతే, నడుస్తుంటే జారిపోతే, కాలు మోపలేకపోతే, రాత్రి పడుకున్నా నొప్పి లేపుతుంటే, పిక్క వాచిపోతే, పొద్దుటి బిగుతు అరగంట దాటితే, ఆకు కట్లతో ఆగకుండా డాక్టరు దగ్గరికి పోవాలి. పోయేటప్పుడు ఒక నెల లెక్క రాసుకుని పోండి. ఎప్పుడు, ఎంత, ఆ రోజు ఏం చేశారు. స్కాన్ చెప్పని సంగతి పాల క్యాలెండరు చెప్పొచ్చు.

ఈ ఆగస్టులో ఈయన హైదరాబాద్ పోయి 10 కిలోమీటర్లే ఉరికారు. మెడల్ చిన్నదని చిన్నోడు వెక్కిరించాడు. మూడు నెలల షుగర్ 5.7. సద్దుల బతుకమ్మ నాడు నేను గంటన్నర ఆడాను. చప్పట్లు కొడుతూ వంగినప్పుడు ఎడమ మోకాలు కలుక్కుమంది, పదికి మూడు. మర్నాటి పొద్దున్నకు తగ్గింది.

ఇప్పుడు క్యాలెండరులో ఈయన అంకె నీలం పెన్నుతో నేను వేస్తాను. నా అంకె ఎర్ర పెన్నుతో ఈయన వేస్తారు. ఈయన రాసే రెండు, మూడులా ఉంటుంది. పోయిన నెల పాల లెక్కలో ఒకటిన్నర లీటరు తేడా వచ్చింది.